లేత్ మీద చిప్స్ తీయడం: ఊదకుండా, రుద్దకుండా

ఇంట్లో చిన్న లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసే మిషన్) పెట్టుకున్నవాళ్లలో చాలామంది పని ముగియగానే ఎయిర్ గన్ అందుకుంటారు. బెడ్ (మిషన్ అడుగునుండే పొడవాటి పట్టాలు) మీదున్న చిప్స్, అంటే కోతలో రాలిన లోహపు పొట్టంతా, ఒక్క ఊపులో ఎగిరిపోతుంది. ఆ తర్వాత పాత బనియన్ గుడ్డతో నిగనిగలాడేలా తుడుస్తారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ ఎగిరినదాంట్లో సన్నటి రజను క్యారేజ్ (కోసే టూల్‌ను మోస్తూ బెడ్ మీద జారే భాగం) చివరి తుడుపు పట్టీ, అంటే వైపర్ కిందికి, కడ్డీని పట్టి తిప్పే చక్ లోపలికి, మోటారు గాలి రంధ్రాల్లోకి చేరుతుంది. గుడ్డలో గుచ్చుకున్న ముక్క బెడ్ పొడవునా గీత గీస్తుంది. అందుకే ఏ పనిముట్టు పట్టుకునే ముందైనా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ముక్క ఇక్కణ్ణుంచి కదిలితే ఎక్కడికి పోతుంది? ట్రేలోకి పోతే సరే. రెండు జారే ముఖాల మధ్యకు పోయేలా ఉంటే పద్ధతి మార్చాలి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 7×12, 7×14 అంగుళాల (తిప్పగల వ్యాసం × పట్టే పొడవు) మినీ లేత్ గురించి. పెద్ద లేత్‌కూ వరస ఇదే, విప్పే బోల్టులే వేరు.

ఏ లోహానికి ఎలాంటి పొట్టు

ఎంఎస్ (మైల్డ్ స్టీలు) పొడవాటి తీగల్లా, చుట్టలు చుట్టలుగా వస్తుంది. అంచు బ్లేడులా ఉంటుంది, నీలం రంగు తిరిగిందంటే చర్మం కాలేంత వేడి. మిషన్‌కు ఇది చేసే హాని తక్కువే. చేతులకు చేసేదే ఎక్కువ. ఇత్తడి చిన్న చిన్న సూదుల్లా చిట్లి దూరంగా ఎగురుతుంది, జేబుల్లో, చొక్కా కాలరులో దొరుకుతుంది. అల్యూమినియం మెత్తగా ఉండి టూల్ మొనకు, చక్ జాలకు (కడ్డీని పట్టే దవడలకు) అంటుకుంటుంది. ఇత్తడి, అల్యూమినియం రెండూ అయస్కాంతానికి రావు. 304 స్టెయిన్‌లెస్ కూడా మామూలుగా రాదు. కోతలో ఒత్తిడి తిన్న చిప్స్ మాత్రం కొద్దిగా అంటుకోవచ్చు.

అన్నింటికన్నా భయపడాల్సింది బీడుకు (పోత ఇనుముకు). బీడు చిప్స్ పొడిలా రాలతాయి, అందులో గ్రాఫైట్ నలుపు ఉంటుంది. బెడ్ మీది ఆయిల్‌తో కలిస్తే నల్లటి ముద్ద అవుతుంది, ఆ ముద్ద లాపింగ్ పేస్టులా (లోహాన్ని రుద్ది నునుపు చేసే ముద్దలా) బెడ్‌ను అరగదీస్తుంది. అందుకే బీడు కోసే రోజు క్రమం తిరగబడుతుంది: ముందు బెడ్ మీది ఆయిల్ తుడిచేసి ఆరబెట్టాలి, కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) వాడకుండా పొడిగా కోయాలి, పొడి పడే చోట వాక్యూమ్ గొట్టం కదలకుండా కట్టి ఉంచాలి, ముక్కుకు డస్ట్ మాస్క్ పెట్టుకోవాలి. పని అయ్యాకే మళ్లీ ఆయిల్.

ఎమరీ కాగితంతో కడ్డీకి మెరుగు పెట్టినప్పుడు రాలే పొడి బీడుకన్నా చెడ్డది. చక్ కింద బెడ్ మీద వెడల్పాటి కాగితం పరిచి, అంచులు అయస్కాంతాలతో బిగించి, అయ్యాక మడత పెట్టి అలాగే పారేయండి. గుడ్డ పరచొద్దు. తిరిగే చక్ దగ్గర వదులుగా ఉన్న గుడ్డ చుట్టుకుపోతే చేతిని కూడా లాక్కెళ్తుంది.

కావలసిన సామాను

పెయింటు కుంచెలు మూడు చాలు: 50 మి.మీ., 25 మి.మీ., 12 మి.మీ. సహజ కుచ్చు ఉన్నవి తీసుకోండి. ప్లాస్టిక్ కుచ్చు వేడి చిప్స్ తగిలితే కరుగుతుంది. కొత్త కుంచె కుచ్చును సగానికి కత్తిరిస్తే గట్టిపడి పొట్టును బాగా నెడుతుంది. కుచ్చు పట్టి ఉంచే రేకు పట్టీ మీద ఇన్సులేషన్ టేపు చుట్టండి, లేకపోతే ఆ రేకే బెడ్‌ను గీస్తుంది. తీగ బ్రష్ ఆకురాళ్లు గోకడానికి పనికొస్తుంది, బెడ్ దగ్గరికి రానివ్వొద్దు. పాత టూత్ బ్రష్‌లు, వెదురు పుల్లలు కొన్ని ఉంచుకోండి.

తీగ చుట్టలు లాగడానికి కొక్కెం కావాలి. 6 మి.మీ. ఎంఎస్ కడ్డీ 400 మి.మీ. తీసుకుని ఒక కొనను 15 మి.మీ. మేర వంచితే సరిపోతుంది. పిడిని మాత్రం ఉంగరంలా మూయొద్దు. కొక్కెం చుట్టలో చిక్కుకుని మిషన్ లాగిందంటే, ఉంగరంలో వేలు ఉండిపోతుంది. సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడిగి, దాని ముందు చేతికి అడ్డుగా ఒక రేకు బిళ్ల వెల్డ్ చేస్తే మంచి పనిముట్టు తయారవుతుంది.

ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు. చాలావాటిలో పీల్చిన గాలే మోటారు గుండా పోతుంది. ఫిల్టర్ దాటిన లోహపు పొడి మోటారులో షార్ట్ చేస్తుంది. తడి-పొడి రెండూ పీల్చే డ్రమ్ వాక్యూమ్‌లో మోటారు చల్లబరిచే గాలి దారి వేరుగా ఉంటుంది. దాని ముందు 20 లీటర్ల పెయింటు బకెట్ మీద సైక్లోన్ సెపరేటర్ (గాలిని సుడి తిప్పి పొట్టును కింద రాల్చే గరాటు) బిగిస్తే పొట్టంతా బకెట్లోనే ఆగుతుంది, ఫిల్టర్ శుభ్రంగా ఉంటుంది. రెండు హద్దులు గుర్తుంచుకోండి. వేడి చిప్స్ పీల్చకూడదు, పది నిమిషాలు ఆగాలి. అల్యూమినియం, మెగ్నీషియం గ్రైండింగ్ పొడిని ఇలాంటి వాక్యూమ్‌తో ఎప్పుడూ పీల్చకూడదు. గాలిలో తేలే ఆ సన్నటి పొడి నిప్పురవ్వకు పేలగలదు. లేత్‌లో వచ్చే ముతక అల్యూమినియం చిప్స్‌కు ఆ భయం లేదు.

అయస్కాంతాన్ని నేరుగా రజనులో పెడితే గంటసేపు గోకుతూ కూర్చోవాలి. పాలిథీన్ సంచిలో పెట్టి తిప్పండి, అంటుకున్నాక సంచిని లోపలి నుంచి బయటికి తిరగేస్తే రజనంతా సంచిలోనే ఉండిపోతుంది. వెర్నియర్, డయల్ ఇండికేటర్ లాంటి కొలత పనిముట్ల దగ్గర అయస్కాంతం ఉంచొద్దు. అయస్కాంతత్వం ఎక్కిన పనిముట్టు తర్వాత రోజూ పొట్టును తనే లాక్కుంటుంది.

కోసేటప్పుడే సగం పని

తీగలు రాకుండా ముక్కలు పడేలా కోస్తే శుభ్రం చేసే సమయం సగానికి తగ్గుతుంది. ఎంఎస్‌లో తీగ రావడానికి ఎక్కువసార్లు కారణం భయంతో ఫీడ్ (కడ్డీ ఒక్కో తిప్పుకు టూల్ జరిగే దూరం) తగ్గించడమే. తిప్పుకు 0.05 మి.మీ. ఫీడ్ దగ్గర చిప్ పలచగా ఉండి విరగదు. 0.1 నుంచి 0.15కి పెంచండి, చిప్ మందమై చుట్టుకుని విరుగుతుంది. సీసీఎంటీ 060204 లాంటి కార్బైడ్ ఇన్సర్ట్ (టూల్ కొనకు బిగించే గట్టి బిళ్ల) మీద ఉండే చిప్ బ్రేకర్ (చిప్‌ను విరిచే గాడి) కూడా తగినంత లోతు, ఫీడ్ ఇస్తేనే పనిచేస్తుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూల్ అయితే అంచుకు 1.5 మి.మీ. వెనక చిన్న మెట్టు సాన పట్టండి. మిషన్ శక్తి చాలకపోతే చేత్తో ఫీడ్ ఇస్తూ మధ్య మధ్యలో క్షణం ఆపండి, చిప్ అక్కడ తెగుతుంది. డ్రిల్ చేస్తుంటే కొద్దికొద్దిగా దించి పైకి తీయాలి. లోహం ఎంచుకునే వీలుంటే, బలం పెద్దగా అక్కర్లేని భాగాలకు సీసం కలిసిన ఈఎన్1ఏ రకం స్టీలు వాడండి. దాని చిప్స్ వాటంతటవే విరుగుతాయి.

తీగ చుట్ట చక్ చుట్టూ తిరగడం మొదలుపెడితే స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) ఆపండి. ఆగేదాకా ఆగండి. ఆ తర్వాతే కొక్కెం. గ్లౌజులు స్పిండిల్ తిరుగుతున్నప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకూడదు. ఆగాక చుట్టలు ఎత్తడానికి మాత్రం తోలు గ్లౌజులు వేసుకోవాలి. నిబంధన రెండు వైపులా అంతే గట్టిది.

రోజూ పని అయ్యాక

1. స్విచ్ ఆపి ప్లగ్ పీకండి. కళ్లద్దాలు ఇంకా తీయొద్దు.

2. టూల్‌ను టూల్ పోస్టు నుంచి తీయండి, లేదా మొనకు గొట్టం ముక్క తొడగండి. శుభ్రం చేసేటప్పుడు చేతులు తెగేది చిప్స్‌తో కన్నా టూల్ మొనతోనే ఎక్కువ.

3. పెద్ద చుట్టలు కొక్కెంతో ట్రేలోకి, ట్రే నుంచి బకెట్లోకి.

4. పై నుంచి కిందికి రండి. హెడ్‌స్టాక్ (ఎడమ చివర స్పిండిల్ ఉండే పెట్టె) కవర్ మీద, చక్ మీద, టూల్ పోస్టు చుట్టూ, దాని కింద జారే పలకలు కాంపౌండ్, క్రాస్ స్లైడ్, ఆఖరున బెడ్. కుంచెను ఎప్పుడూ క్యారేజ్‌కు దూరంగా నడపాలి. క్యారేజ్ మధ్యలో ఉంటే ఎడమ వైపున్నది చక్ కిందికి, కుడి వైపున్నది టెయిల్‌స్టాక్ (కుడి చివర కడ్డీకి ఆధారమిచ్చే భాగం) వైపుకు నెట్టి ట్రేలో దింపండి. క్యారేజ్‌నే బుల్డోజర్‌లా జరిపి పొట్టు నెట్టడం చాలా చోట్ల చూస్తాం. వైపర్ ఉన్నది చివరి సన్నటి పొరకు, గుట్టలను నెట్టడానికి కాదు.

5. మిగిలిన రజను వాక్యూమ్‌తో. క్రాస్ స్లైడ్ స్క్రూ పైన, బెడ్ లోపలి గోడల మూలల్లో గొట్టం పెట్టండి. తర్వాత క్యారేజ్‌ను కుడి చివరికి జరిపి, ఇందాక దాని కింద దాగిన చోటు కూడా చేయండి.

6. ఇప్పుడే గుడ్డ. నూలు గుడ్డను ఒక్క దిశలో ఒక్కసారి లాగి, మడత మార్చి మళ్లీ లాగాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే చిక్కిన ముక్కను మీరే బెడ్ మీద తిప్పుతున్నట్టు. తర్వాత తుడిచిన చోట వేలి కొనను మెల్లగా తాకించి చూడండి, గరగర తగిలితే మళ్లీ ఐదో అడుగు.

7. స్లైడ్‌వే ఆయిల్ 68 గ్రేడు కొద్దిగా. బెడ్ మొత్తానికి అర చెంచా చాలు. క్యారేజ్‌ను రెండుసార్లు అటూ ఇటూ నడపండి. వైపర్ ముందు నల్లటి గీత వస్తే కింద ఇంకా సన్నటి పొడి ఉందన్నమాట. తుడిచి, గీత రానంతవరకు చేయండి.

గ్రీజు పూయొద్దు. ఆయిల్ పారుతూ రజనును కొంత బయటికి తెస్తుంది, గ్రీజు పట్టుకుని కూర్చుంటుంది.

ఇదంతా చిన్న లేత్‌కు పావుగంట పని. కూలెంట్ వాడిన రోజైతే మర్నాటికి వాయిదా వేయకూడదు. తడి స్టీలు చిప్స్ రాత్రంతా బెడ్ మీద ఉంటే తెల్లారేసరికి వాటి ఆకారంలోనే తుప్పు మచ్చలు పడతాయి. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇంకా తొందరగా.

చక్, టేపర్

చక్ పట్టు సరిలేదనీ, కడ్డీ ఊగుతోందనీ వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఒక రేకు ముక్క. లెక్క చూడండి: చక్ బిగించే 80 మి.మీ. ఫ్లాంజ్ (స్పిండిల్ కొన పళ్లెం) ముఖం అంచున 0.05 మి.మీ. చిప్ చిక్కిందనుకుంటే, చక్ నుంచి 100 మి.మీ. దూరంలో కడ్డీ కేంద్రం సుమారు 0.06 మి.మీ. పక్కకు పోతుంది. డయల్ ఇండికేటర్ మీద అది 0.12గా కనిపిస్తుంది. జా మార్చినా, చక్ కొత్తది కొన్నా ఇది పోదు.

వారం వారం వాడే లేత్‌కు రెండు మూడు నెలలకోసారి చక్ విప్పాలి. బెడ్ మీద చెక్క పలక పెట్టండి, ఇది తప్పనిసరి. కీతో తెరుస్తూ పోతే జాలు ఒక్కొక్కటే వదులవుతాయి, కింద చెయ్యి పెట్టి పట్టుకోండి. జాల మీద 1, 2, 3 అంకెలుంటాయి. స్క్రోల్ (జాలను కదిపే సుడి గాడి పళ్లెం) చుట్టలోని పొట్టును టూత్ బ్రష్‌తో, ఇరుకులో ఉన్నది వెదురు పుల్లతో తీసి, మినరల్ టర్పెంటైన్‌లో కడగండి. పెట్రోలు వాడొద్దు, గదిలో అది ఇంకా తొందరగా అంటుకుంటుంది. చక్ విప్పి బల్ల మీద పెట్టాక, కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డ అడ్డం పట్టి గాలి కొట్టొచ్చు; 2 బార్ దాటొద్దు. అమెరికా కార్మిక భద్రతా నియమాలు శుభ్రం చేసే గాలికి పెట్టిన 30 పీఎస్‌ఐ హద్దు కూడా ఇంచుమించు ఇంతే.

తిరిగి బిగించేటప్పుడు స్క్రోల్ మొదటి కొన ఒకటో గాడిలో కనిపించి, కొద్దిగా వెనక్కి వెళ్లగానే ఒకటో జా దూర్చి తిప్పండి. తర్వాత రెండు, మూడు. పూర్తిగా మూసినప్పుడు మూడూ మధ్యలో కలవకపోతే వరస తప్పింది, మళ్లీ తీయాలి. స్క్రోల్‌కు పలచటి ఆయిల్ నాలుగు చుక్కలు చాలు. ఎక్కువైతే మొదటిసారి తిప్పగానే మీ చొక్కా మీద గీత పడుతుంది. బిగించే ముందు స్పిండిల్ ఫ్లాంజ్, చక్ వెనక ముఖం రెండింటినీ ఉత్త అరచేత్తో తడమండి. ఇక్కడ కంటికన్నా చర్మం నమ్మదగినది.

స్పిండిల్‌లో ఎంటీ3, టెయిల్‌స్టాక్‌లో ఎంటీ2 టేపర్లుంటాయి (మోర్స్ టేపర్ అనే, లోపలికి సన్నబడే రంధ్రాలు). పుల్లకు నూలు గుడ్డ చుట్టి లోపలికి తోసి తిప్పుతూ బయటికి లాగండి. సెంటర్ (కడ్డీ కొనను ఆనించే మొన) పెట్టే ప్రతిసారీ ఇది చేయాలి. మిషన్ తిరుగుతుండగా ఈ పని చేయడానికి ఆశపడొద్దు.

వైపర్లు, గేర్లు, కరెంటు పెట్టె

క్యారేజ్ చివర్లలోని ఫెల్ట్ వైపర్లు ఏడాదికోసారైనా విప్పి చూడాలి. రజను దిగిన ఫెల్ట్ ఎమరీ కాగితంతో సమానం. టర్పెంటైన్‌లో పిండి కడిగి, ఆరబెట్టి, స్లైడ్‌వే ఆయిల్‌లో గంట నానబెట్టి బిగించండి. గట్టిపడితే మార్చాలి. 3 నుంచి 5 మి.మీ. ఫెల్ట్ హైదరాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అడిగితే దొరుకుతుంది. బెడ్ ఆకారానికి కత్తిరించి, బెడ్‌ను మెల్లగా ఒత్తేలా అర మిల్లీమీటరు ఎక్కువ ఉంచండి. చాలా మినీ లేత్‌లకు వైపర్లే ఉండవు, ఉంటే పేరుకు ఉంటాయి. చిప్స్ విషయంలో ఆ మిషన్‌కు చేయించదగ్గ మొదటి మార్పు ఇదే.

రెండో మార్పు ఏప్రన్ (క్యారేజ్ ముందు వేలాడే గేర్ల పెట్టె) వెనక పలక. మినీ లేత్‌లో ఏప్రన్ గేర్లు వెనక వైపు తెరిచే ఉంటాయి, చక్ కింద రాలిన పొట్టు నేరుగా వాటి మధ్య పడుతుంది. చేతి చక్రం తిప్పుతుంటే టక్కుమని ఆగి మళ్లీ కదిలితే అదే. 1 మి.మీ. అల్యూమినియం రేకు కత్తిరించి మూస్తే ఆ బాధ తీరుతుంది. లీడ్‌స్క్రూ (క్యారేజ్‌ను నడిపే పొడవాటి మర కడ్డీ) మరల్లో చిక్కింది తీయడానికి ఒక నూలు తాడును మరలో పెట్టి రెండు కొనలూ పట్టుకుని లాగుతూ, స్క్రూను చేత్తో తిప్పండి. తాడు మర వెంట నడుస్తూ పొట్టు తెచ్చేస్తుంది. దీన్ని మోటారుతో తిప్పి చేస్తే తాడుతో పాటు వేలు పోతుంది.

వేగం మార్చే బోర్డు ఉన్న పెట్టెలోకి ఒక్క తీగ చిప్ దూరినా బోర్డు కాలిపోవచ్చు. పెట్టె అతుకులకు సిలికాన్ పూయండి. గాలి రంధ్రాలు మాత్రం మూయొద్దు, సన్నటి స్టీలు జల్లెడను బయట అతికించండి. అది ఊడి లోపల పడని విధంగా.

దసరాకు ఆయుధ పూజ ముందు చాలామంది మిషన్‌ను పూర్తిగా కడుగుతారు, మంచి అలవాటు. పసుపు, కుంకుమ బొట్లు రంగు వేసిన హెడ్‌స్టాక్ మీద పెట్టండి. బెడ్ మీద తడి పసుపు, నిమ్మకాయ రసం పడితే రెండో రోజుకే మచ్చ.

కూలెంట్ ట్యాంకు

నీళ్లలో కలిపే ఆయిల్ సాధారణంగా 1:20 (ఆయిల్ ఒక పాలు, నీళ్లు ఇరవై). నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు కాదు. ఆవిరై తగ్గేది నీరే కాబట్టి పైన కలిపేది 1:40గా ఉంచండి. ట్యాంకు అడుగున చేరే సన్నటి రజను పంపును అరగదీస్తుంది. వెనక్కి వచ్చే గొట్టం నోటికి స్టీలు జల్లెడ, దాని కింద ఒక అయస్కాంతం పెడితే చాలావరకు ఆగుతుంది. వాడని రోజుల్లో పైన తేలే ఆయిల్ పొర గాలి ఆడనివ్వదు, కింద బ్యాక్టీరియా పెరిగి కుళ్లు వాసన వస్తుంది. వాసన వచ్చాక మందు పోసి నెట్టుకు రావడం కన్నా పారబోసి, ట్యాంకు కడిగి కొత్తది కలపడం మేలు. అయితే పారబోసేది మురుగు కాలువలో, పెరటి మట్టిలో కాదు. వాడిన ఆయిల్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

మిల్లు, బ్యాండ్‌సా, గ్రైండర్

మిల్లు (మిల్లింగ్ మిషన్)లో బల్ల మీది టీ ఆకారపు గాడులు, అంటే టీ స్లాట్లే చిక్కు. 3 మి.మీ. అల్యూమినియం పట్టీని స్లాట్ కొలతకు టీ ఆకారంలో కోసి ఒక చివర నుంచి లాగితే స్లాట్ ఖాళీ అవుతుంది. వాడని స్లాట్లలో ముందే చెక్క పట్టీలు దూర్చి ఉంచితే ఈ పనీ తప్పుతుంది. వైస్ కదిలే జా కింద ఒక్క చిప్ ఉన్నా పని వంకరగా లేస్తుంది, ప్రతి కొత్త ముక్కకు ముందు కుంచె తప్పదు. బ్యాండ్‌సాలో బ్లేడు పళ్లను తుడిచే బ్రష్ అరిగితే చిప్స్ చక్రం మీదకు చేరి, బ్లేడు పక్కకు జరుగుతుంది. కోత వంకర పోతుంటే ముందు ఆ బ్రష్ చూడండి. బెంచ్ గ్రైండర్‌లో ఇనుము, అల్యూమినియం రెండూ పట్టొద్దు. ఇనుప తుప్పు, అల్యూమినియం పొడి కలిసి గార్డులో పేరుకుంటే, నిప్పురవ్వకు అవి థర్మైట్ (విపరీతమైన వేడితో మండే మిశ్రమం)లా మండగలవు.

నేల, చెప్పులు, కళ్లు

మన ఇళ్లలో లోపల ఉత్త కాళ్లతో తిరుగుతాం, పిల్లలు నేల మీద పాకుతారు. కాబట్టి వర్క్‌షాప్‌కు వేరే బూట్లు ఉండాలి, గుమ్మం దాటకూడదు. బట్టలు బయటే దులిపి, విడిగా ఉతకాలి. నేలకు మెత్త చీపురు వద్దు, పొట్టు దాంట్లోనే ఉండిపోయి మరో గదిలో రాలుతుంది. కొబ్బరి ఈనెల చీపురు, రేకు చేట, ఆఖరున సంచిలో చుట్టిన అయస్కాంతం. పాత ఫ్లెక్సీ మిషన్ కింద పరిస్తే ఎత్తడం తేలిక, కానీ వేడి చిప్స్ దాన్ని కరిగిస్తాయి. చక్ కింద భాగంలో రేకు ట్రే ఉంటేనే పరచండి.

చేతులు ముందు పారే నీళ్ల కింద పెట్టి, తర్వాత సబ్బు. పొట్టు ఉన్న చేతులను టవల్‌కు తుడవడం, ఆ చేత్తో నుదుటి చెమట తుడవడం రెండూ కంటికి దారి. కంట్లో పడితే నలపొద్దు. దూది చుట్టిన అగ్గిపుల్లతోనో, గుడ్డ కొనతోనో తీసే ‘నిపుణుడు’ ప్రతి షాపులోనూ ఒకడుంటాడు, అతని దగ్గరికి వెళ్లొద్దు. ఇనుప ముక్క నల్లగుడ్డులో దిగితే చుట్టూ తుప్పు వలయం ఏర్పడుతుంది, దాన్ని కంటి డాక్టరే తీయాలి. ఎప్పుడైనా కంట్లో ఇనుము పడిన వాళ్లు ఎంఆర్‌ఐ తీయించుకునే ముందు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

తుక్కు

లోహానికి ఒక డబ్బా. ఇత్తడిలో ఎంఎస్ కలిస్తే పాత సామాను కొట్టువాడు ఇనుము ధరే కడతాడు, కాబట్టి లోహం మార్చే ముందు ట్రే ఖాళీ చేయడం డబ్బు విషయం కూడా. కటింగ్ ఆయిల్ కారుతున్న చిప్స్‌ను అడుగున రంధ్రాలు చేసిన డబ్బాలో పోసి, మరో బకెట్ మీద ఒక రోజు వేలాడదీయండి. దిగిన ఆయిల్‌ను గుడ్డలో వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు. సన్నటి అల్యూమినియం పొడి తడిగా ఉంటే డబ్బా మూత బిగించొద్దు, నీటితో చర్య జరిగి హైడ్రోజన్ వస్తుంది. మెగ్నీషియం చిప్స్‌ను పొడిగా, మూత ఉన్న ఇనుప డబ్బాలో, మిషన్‌కు దూరంగా ఉంచాలి. అవి అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట పెరుగుతుంది. పక్కన ఎప్పుడూ ఒక బకెట్ బాగా ఆరిన ఇసుక ఉండాలి.

అమ్మేంత లేక చెత్తబండికే ఇవ్వాల్సి వస్తే, చిప్స్‌ను పాత పెయింటు డబ్బాలో పోసి మూత కొట్టి, పైన ‘ఇనుప ముక్కలు’ అని రాసి విడిగా చేతికి ఇవ్వండి. పాలిథీన్ సంచిలో కడితే, దాన్ని ఎత్తే మనిషి చెయ్యి కోసుకుంటుంది.